గంగమ్మ ఆగ్రహమా? గరిమనాభి స్థానమా?

నేను కాపురముంటున్న గ్రేటర్ నోయిడా ఉన్నది గౌతమ బుద్ధ నగర్ జిల్లాలో. జిల్లాకి బుద్ధుడి పేరైతే పెట్టారు గానీ, ఇక్కడ కారు ముందు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ వేలాడదీయని వాడి కోసం కొంచెం వెతుక్కోవాలి. సరే, అది వేరే గొడవ. ఈ జిల్లాలోనే హిండన్ నది వచ్చి యమునలో కలుస్తుంది. అదే యమునలో, మాకు ఎగువన, బాగ్‌పత్ జిల్లా కాఠా గ్రామం దగ్గర 2017 సెప్టెంబర్ 14న ఒక పడవ మునిగింది. అవతలి ఒడ్డున హర్యానా వైపు పొలాల్లో కూలి పనికి పోతున్న జనం, ఎక్కువమంది ఆడవాళ్ళు. పడవలో అరవై మంది దాకా ఎక్కారు. కనీసం 19 మంది చనిపోయారు.

సరిగ్గా రెండు నెలలు తిరగకుండా, నవంబర్ 12న, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద కృష్ణా నదిలో ఇంకో పడవ బోల్తా పడింది. కార్తీక మాసం, ఆదివారం. పవిత్ర సంగమం దగ్గర హారతి చూడ్డానికి పోతున్నవాళ్ళు. ఇరవై మందికి పైగా పోయారు. ఆ పడవకి అక్కడ తిరగడానికి అనుమతే లేదు.

ఈ రెండు వార్తల మీదా మా అపార్టుమెంటులోని తెలుగువాళ్ళ మధ్య జరిగిన చర్చ నాకు బాగా గుర్తుంది. యమునలో పోయిన కూలీల గురించి ఒక పెద్దాయన "ఆయువు మూడితే ఎవరాపగలరండీ" అన్నారు. కృష్ణలో పోయినవాళ్ళ గురించి ఆయనే "కార్తీక మాసంలో నదిలో పోయారు, పుణ్యాత్ములు" అన్నారు. చావు ఒకటే, నీళ్ళు ఒకటే, కారణం కూడా చాలావరకు ఒకటే. కానీ కూలీలకి తలరాత, భక్తులకి పుణ్యలోకం! ఇంకొకాయన గంగమ్మ తల్లికి కోపం వచ్చిందన్నారు. కోపం ఎందుకొచ్చిందో, వస్తే అనుమతి లేకుండా పడవ నడిపినవాణ్ణి వదిలేసి టిక్కెట్టు కొన్నవాళ్ళ మీద ఎందుకు చూపించిందో మాత్రం చెప్పలేదు.

పడవ ఎందుకు బోల్తా పడుతుంది? ఈ ప్రశ్నకి మనిషి సరైన సమాధానం కనిపెట్టి దాదాపు మూడు వందల ఏళ్ళవుతోంది. ఆ సమాధానం ఎలా వచ్చింది, వచ్చాక మనం దాన్ని ఏం చేసుకున్నాం అన్నదే ఈ వ్యాసం.

కథ స్వీడన్‌లో మొదలుపెడదాం. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో ‘వాసా’ అనే యుద్ధనౌక మొదటి ప్రయాణానికి బయలుదేరింది. రాజు గుస్టావస్ అడాల్ఫస్ ముచ్చటపడి కట్టించుకున్న ఓడ. రెండు వరుసల ఫిరంగులు, నిలువెల్లా చెక్కిన బొమ్మలు. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తోంది. ఓడ ఒకటిన్నర కిలోమీటరు కూడా పోలేదు. కాస్త గాలి వీచింది, పక్కకి ఒరిగింది, కిందివరుస ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్ళు వచ్చాయి, మునిగిపోయింది. తుఫాను లేదు, బండరాయి లేదు, శత్రువు లేడు.

ఇందులో నాకు అన్నింటికన్నా ఆశ్చర్యంగా తోచే విషయం ఒకటుంది. ప్రయాణానికి ముందే రేవులో ఒక పరీక్ష చేశారు. ముప్పై మందిని డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి, ఆ పక్క నుంచి ఈ పక్కకి పరిగెత్తించారు. ఓడ ఎంతలా ఊగిందంటే, ఇంకాసేపు పరిగెత్తిస్తే ఇక్కడే పడిపోతుందని పరీక్ష ఆపేశారు. ఆపేసి ఏం చేశారు? ఓడని పంపించేశారు. రాజుగారు తొందరపడుతున్నారు మరి. ఆనక విచారణ జరిగింది. ఓడ కొలతలు రాజే ఆమోదించాడు, కట్టినవాళ్ళు రాజు చెప్పినట్టే కట్టామన్నారు. మరి తప్పెవరిది అని అడిగితే, ఓడ కట్టే కాంట్రాక్టులో భాగస్వామి ఒకాయన ఇచ్చిన జవాబు: అది దేవుడికే తెలియాలి! విచారణ అక్కడే ఆగింది. ఎవరికీ శిక్ష పడలేదు. దేవుడి పేరు చెబితే దస్త్రం మూసేయవచ్చన్న సౌకర్యం మన దేశానికే సొంతం కాదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పినవాడు పియర్ బూగేర్ అనే ఫ్రెంచి గణితవేత్త. భూమి ఆకారం కొలవడానికి దక్షిణ అమెరికా ఆండీస్ పర్వతాలకి వెళ్ళిన శాస్త్రవేత్తల బృందంలో ఈయన ఒకడు. ఆ కొండల మీద ఉంటూనే ఓడల గురించి పుస్తకం రాసుకున్నాడు. అది 1746లో అచ్చయింది. తేలడానికి ఆర్కిమిడీస్ సూత్రం చాలు. నిలబడటానికి అది చాలదు అని బూగేర్ లెక్క కట్టి చూపించాడు. పడవ బరువంతా కిందికి పనిచేసే బిందువు గరిమనాభి. నీరు పైకి నెట్టే బలానికీ ఒక కేంద్రం ఉంటుంది. పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడు ఆ పక్క ఎక్కువ భాగం నీళ్ళలో మునుగుతుంది గనుక, పైకి నెట్టే బలం కూడా ఆ పక్కకి జరుగుతుంది. జరిగి పడవని తిరిగి నిలబెడుతుంది. ఇలా నిలబెట్టగల ఎత్తుకి ఒక హద్దుంది. ఆ హద్దు బిందువుకి బూగేర్ ‘మెటాసెంటర్’ అని పేరు పెట్టాడు. గరిమనాభి దానికన్నా కింద ఉన్నంతకాలం పడవ లేస్తుంది. దాన్ని దాటి పైకి పోయిందా, అదే నీరు అదే బలంతో పడవని తిరగేస్తుంది.

కొల్లేటిలో తాటి దోనె నడిపేవాడికి ఈ లెక్క తెలియదు. కానీ సంగతి తెలుసు. కొత్తవాణ్ణి దోనెలో ఎక్కించుకుంటే ముందు చెప్పే మాట "కూర్చోండి, లేవకండి" అని. మనిషి నిలబడితే గరిమనాభి పైకి పోతుంది. తెడ్డు పట్టినవాడి అనుభవం, బూగేర్ గణితం ఒకే మాట చెబుతున్నాయి. ఆ మాట వినకుండా పోయింది రెండంతస్తుల పడవలు కట్టించి, మేడ మీద పాటలు పెట్టి డాన్సులు చేయించేవాళ్ళకే.

ఊహకి ఒక లెక్క వేసి చూడండి. జనంతో కలిపి 15 టన్నుల బరువున్న పడవ. దాని గరిమనాభికీ మెటాసెంటర్‌కీ మధ్య దూరం 60 సెంటీమీటర్లు అనుకుందాం. అందులో 40 మంది, మనిషికి 60 కిలోల చొప్పున, ఏదో చూద్దామని ఒక్కసారిగా మధ్య నుంచి ఒక పక్కకి మీటరున్నర జరిగారు. పడవ దాదాపు 22 డిగ్రీలు ఒరుగుతుంది. ఆ కోణంలో నిలబడ్డ మనిషి నిలబడలేడు, జారతాడు. జారితే ఇంకా ఒరుగుతుంది. ఇప్పుడు అదే జనంలో కొంతమందిని మేడ మీదకి ఎక్కించండి. గరిమనాభి పైకి వచ్చింది, ఆ 60 సెంటీమీటర్లు 30 అయింది. ఇక లెక్క వేయనక్కర్లేదు. పడవ అంచు మీదుగా నీళ్ళు వచ్చేస్తాయి.

ఇది కాగితం మీద లెక్క కాదు. 2009 సెప్టెంబర్ 30న కేరళలోని తేక్కడి జలాశయంలో ‘జలకన్యక’ అనే రెండంతస్తుల పర్యాటక పడవ ఇలాగే పోయింది. ఒడ్డున అడవి జంతువులు కనబడ్డాయని జనం ఒక పక్కకి వచ్చారు. 45 మంది చనిపోయారు. పర్యాటక శాఖ వారి పడవే. అడవిలో జంతువులు చూపిస్తామని టిక్కెట్టు అమ్మినవాళ్ళకి, జంతువు కనబడితే జనం అటు వస్తారని తెలియదా?

కేరళ మాట వచ్చింది గనుక ఇంకొకటి. మలయాళ మహాకవి కుమారన్ ఆశాన్, నారాయణ గురు శిష్యుడు, బౌద్ధం మీద, కులం మీద గొప్ప కావ్యాలు రాసినవాడు, 1924 జనవరి 16న పల్లన దగ్గర పడవ మునిగి చనిపోయాడు. మోయగలిగినదానికన్నా ఎక్కువ మందిని ఎక్కించుకున్న పడవ అది. దాని పేరు ‘రిడీమర్’. అంటే రక్షకుడు! పడవకి పెట్టే పేరుకీ పడవ తేలడానికీ సంబంధం లేదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు మన బుద్ధుడి దగ్గరకి వద్దాం. హుస్సేన్ సాగర్‌ని ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, పదహారో శతాబ్దంలో, హుస్సేన్ షా వలీ కట్టించాడు. తాగునీటి కోసం, సాగు కోసం కట్టిన చెరువు. దాని మధ్యలో బుద్ధ విగ్రహం పెట్టాలన్నది ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఎన్.టి. రామారావుకి వచ్చిన ఆలోచన. అమెరికాలో స్వేచ్ఛా విగ్రహం చూసి వచ్చిన ఆలోచన అంటారు. భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాతిని, ఎస్.ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కారు. ఎత్తు దాదాపు 17 మీటర్లు. బరువు 350 టన్నులనీ, 450 టన్నులనీ రెండు లెక్కలు వాడుకలో ఉన్నాయి. ఏదైనా ఏనుగుల మంద బరువే.

విగ్రహాన్ని చెరువు మధ్యకి చేర్చే సమయానికి రామారావు ప్రభుత్వం పోయింది. 1990 మార్చి 10న విగ్రహాన్ని బార్జి మీదకి ఎక్కించి చెరువు మధ్యలోని పీఠం వైపు తీసుకెళ్ళారు. ఒడ్డు నుంచి కొద్ది దూరం పోయిందో లేదో బార్జి ఒరిగింది, విగ్రహం జారింది, నీళ్ళలో పడింది. పది మంది దాకా మనుషులు చనిపోయారు. బుద్ధుడు రెండున్నరేళ్ళకి పైగా చెరువు అడుగున పడుకుని, 1992 డిసెంబర్ 1న పీఠమెక్కాడు.

ఆ రోజుల్లో హైదరాబాదులో పుట్టిన పుకార్లు అన్నీ రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. అపశకునమన్నారు. చెరువులో విగ్రహం వాస్తుకి విరుద్ధమన్నారు. గంగమ్మకి బలి ఇవ్వలేదు గనుక తానే తీసుకుందన్నారు. 1995లో రామారావు పదవి పోయినప్పుడు చెరువులో బుద్ధుడి వల్లే అన్నవాళ్ళనీ విన్నాను. అల్లుడి లెక్క ఎవరూ కట్టలేదు, బుద్ధుడి లెక్క కట్టారు!

వందల టన్నుల ఏకశిల బార్జి మీద ఉంటే ఏమవుతుందో చూడండి. ధాన్యం బస్తాలైతే ఒకటీ అరా జారతాయి, మిగతావి ఉంటాయి. ఏకశిల అలా కాదు. జారితే మొత్తం జారుతుంది. బార్జి కొద్దిగా ఒరిగితే బరువు ఆ పక్కకి జరుగుతుంది. జరిగినందువల్ల ఇంకా ఒరుగుతుంది. ఒరిగినందువల్ల ఇంకా జారుతుంది. ఆ గొలుసుకి ఎక్కడా ఆగే చోటు ఉండదు. బార్జి లోపలి అరల్లో నీళ్ళు కొంచెం చేరినా ఇదే ప్రమాదం. నీళ్ళు పల్లానికే పరిగెత్తుతాయి గనుక, ఒరిగిన పక్కనే బరువు పెంచుతాయి. ఇందులో బలి అడిగే దేవత ఎవరూ లేరు. మళ్ళీ 1992లో ప్రయత్నించినప్పుడు అదే చెరువు, అదే విగ్రహం, అదే వాస్తు. విగ్రహం పీఠం చేరింది. ఈసారి బరువు లెక్క సరిగ్గా ఉంది.

చనిపోయిన ఆ కూలీల, సిబ్బంది పేర్లు ఆ పీఠం దగ్గరకి పడవలో పోయే జనంలో ఎంతమందికి తెలుసు? శిల్పి పేరు చెబుతాం, ముఖ్యమంత్రి పేరు చెబుతాం, 2006లో దలైలామా వచ్చి పూజ చేశాడని చెబుతాం.

చెరువుల్లో ఇంకొక ప్రమాదం ఉంది, దాని గురించి మనవాళ్ళు ఆలోచించడం చాలా తక్కువ. అది పక్క పడవ లేపే అల. స్పీడు బోటు రయ్యిమని పోతుంది, జనం చప్పట్లు కొడతారు. బోటు పోయాక కాసేపటికి దాని అల వచ్చి, తొక్కుడు పడవలో కూర్చున్న కుటుంబాన్ని పక్క నుంచి కొడుతుంది. అల చేసిన బోటు అప్పటికి చెరువు అవతల ఉంటుంది. అందుకని ఆ అల ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనివాడికి నీళ్ళలో ఏదో ఉందనిపిస్తుంది. చెరువు దెయ్యాల కథల్లో కొన్ని ఇలా పుట్టాయంటే నేను నమ్ముతాను.

పడవ వెనక ‘వి’ ఆకారంలో విచ్చుకునే ఆ అలల మీద లార్డ్ కెల్విన్ 1887లో లెక్క కట్టాడు. లోతైన నీళ్ళలో ఆ ‘వి’ కోణం దాదాపు 39 డిగ్రీలు, బాతు ఈదినా ఓడ నడిచినా అంతే. మారేది అల ఎత్తు. ఎత్తు రెట్టింపయితే అలలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇక్కడొక తమాషా ఉంది. పెద్ద అల లేపేది పూర్తి వేగంతో పోయే బోటు కాదు. ప్రతి పడవకీ దాని పొడవుని బట్టి ఒక వేగం ఉంటుంది. 25 అడుగుల పడవకి అది గంటకి సుమారు 12 కిలోమీటర్లు. ఆ వేగం దాటబోయేసరికి పడవ తాను లేపిన అలనే తాను ఎక్కాల్సి వస్తుంది. ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం నీళ్ళలోకి దిగబడుతుంది, అన్నిటికన్నా పెద్ద అల అప్పుడు లేస్తుంది. ఇంకా వేగం పెంచితే బోటు నీటిపైకి తేలి జారిపోతుంది, అల తగ్గుతుంది. అంటే చిన్న పడవలు కనబడగానే స్పీడు బోటువాడు మర్యాదకి కొంచెం నెమ్మదించాడంటే, సరిగ్గా పెద్ద అల లేపే వేగానికే దిగుతాడు. మంచిపని చేశాననుకుంటాడు! నెమ్మదించాలంటే దూరం నుంచే, మనిషి నడిచే వేగానికి దిగాలి.

మన చెరువులకి ఇంకో చిక్కుంది. తుంగ, ఏటవాలు మట్టి ఒడ్డు ఉన్నచోట అల పాకి చచ్చిపోతుంది. అందం పేరుతో చుట్టూ నిలువుగా రాతిగోడ కట్టినచోట గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. వెళ్ళే అల, తిరిగొచ్చే అల కలిసినచోట నీరు ఎటు ఊగుతుందో చెప్పలేం. చిన్న పడవ అలని పక్క నుంచి తగలనివ్వకూడదు, ముక్కుని కొంచెం ఏటవాలుగా అలకి ఎదురు తిప్పాలి. లేచి నిలబడకూడదు. ఇది టిక్కెట్టు ఇచ్చేచోట రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఢిల్లీ చుట్టుపక్కల ఒక చెరువులో నేను పిల్లలతో పడవ ఎక్కినప్పుడు చెప్పింది మాత్రం "చెయ్యి నీళ్ళలో పెట్టకండి" అని ఒక్కటే. లైఫ్ జాకెట్లు అడిగితే గోనెసంచిలో కట్టి ఉన్నవి చూపించారు. ముడి విప్పడానికి చాకు కావాల్సొచ్చింది.

అలే కాదు, వేగం తానే వచ్చి గుద్దుకోవడం కూడా ఉంది. 2024 డిసెంబర్ 18న ముంబై రేవులో ఎలిఫెంటా గుహలకి జనాన్ని తీసుకుపోతున్న ‘నీల్‌కమల్’ని, ఇంజన్ పరీక్షలో ఉన్న నౌకాదళం స్పీడు బోటు గుద్దింది. 15 మంది చనిపోయారు. రద్దీ నీళ్ళలో ఇంజన్ పరీక్ష!

ఇక గోదావరి. గోదావరి వాళ్ళకి పడవ కొత్త కాదు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి, కాలవలు తవ్వించింది సాగుకి మాత్రమే కాదు, పడవలు నడవడానికి కూడా. దేశానికి రైళ్ళకన్నా కాలవలు మేలని వాదించినవాడాయన. పడవలకి లాకులు కట్టినవాడు, నీటిని కొలిచినవాడు. ఆయన్ని ఇప్పుడు విగ్రహాలు పెట్టి దండలేసి పూజిస్తున్నాం. కొలవడం మాత్రం మానేశాం.

పాపికొండల యాత్రకి పడవలు ఎక్కువగా బయలుదేరేది గండి పోశమ్మ గుడి దగ్గర రేవు నుంచి. ఎక్కేముందు అమ్మవారికి దండం పెట్టుకోవడం ఆనవాయితీ. దండం పెట్టుకోవద్దని నేను అనడం లేదు, ఎవరి ఇష్టం వారిది. కానీ కొబ్బరికాయ కొట్టడం తనిఖీ కాదు. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు గాలివాన వచ్చింది. తడుస్తామని తలుపులు, కిటికీలు మూసుకున్నారు. లాంచీ మునిగాక అవి తెరుచుకోలేదు. అదే నెలలో పాపికొండల యాత్ర పడవ ఒకటి తగలబడింది కూడా. ఆ జూలైలో పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది.

తర్వాతి ఏడాది, 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. గోదావరిలో దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద. గండి పోశమ్మ రేవు నుంచి ‘రాయల్ వశిష్ఠ’ బయలుదేరింది. కచ్చులూరు దగ్గర మునిగింది. పడవలో ఉన్న 77 మందిలో ప్రాణాలతో బయటపడ్డది 26 మంది. వాళ్ళని కాపాడింది దేవతలు కాదు, ప్రభుత్వం కూడా కాదు. నాటు పడవలేసుకుని వచ్చిన ఒడ్డు గ్రామాల గిరిజనులు. పడవ రెండు వందల అడుగులకి పైగా లోతున ఇరుక్కుంది. దాన్ని కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఉక్కు తాళ్ళు వేసి, తాళ్ళు తెగితే మళ్ళీ వేసి, అక్టోబర్ 22న బయటికి లాగింది. కొలవడం, లాగడం, మళ్ళీ కొలవడం. శాస్త్రీయ పద్ధతి అంటే అదే.

కచ్చులూరు సుడిగుండం గురించి చాలా కథలున్నాయి. అక్కడ ఏదో శక్తి లాగుతుందంటారు. శక్తి ఉన్న మాట నిజమే, అది గోదావరి వేగం. ఎంత నీరు వచ్చిందో అంతా పోవాలి. వెడల్పున పారే నది రెండు కొండల మధ్య ఇరుకులోకి దూరితే, అదే నీరు పోవడానికి వేగం పెరగక తప్పదు. కింద బండలున్నచోట, మలుపు తిరిగేచోట ఆ వేగం సుళ్ళు తిరుగుతుంది. వేసవిలో అదే చోట పడవలు మామూలుగా పోతాయి. దెయ్యానికి వేసవి సెలవులుండవు కదా!

లైఫ్ జాకెట్ గురించి ఒక మాట. అది ప్రాణం కాపాడుతుంది, డెక్కు మీద ఉన్నప్పుడు. అద్దాలు బిగించిన ఏసీ గదిలో కూర్చున్నవాడికి అదే జాకెట్ శత్రువు కూడా కావచ్చు. గది నీటితో నిండుతుంటే జాకెట్ మనిషిని పైకప్పుకి నొక్కి పెడుతుంది, కిందికి మునిగి కిటికీలోంచి బయటపడనివ్వదు. కనుక జాకెట్ ఇచ్చాం గదా అని చేతులు దులుపుకుంటే కుదరదు. తలుపు బయటికి తెరుచుకుంటుందా, కిటికీ మనిషి పట్టేంత ఉందా అన్నవి కూడా చూడాలి. భద్రత కోసం చేర్చిన సామానే పడవని ముంచిన సందర్భం ఉంది. షికాగోలో 1915 జూలై 24న ‘ఈస్ట్‌లాండ్’ అనే విహార నౌక, రేవుకి కట్టి ఉండగానే, నది మధ్యలోకి కూడా పోకుండా పక్కకి పడిపోయింది. 844 మంది చనిపోయారు. టైటానిక్ మునిగాక వచ్చిన కొత్త నిబంధనల వల్ల దాని పై డెక్కు మీద అదనంగా లైఫ్ బోట్లు పెట్టారు. అంతకుముందే నిలకడ తక్కువైన ఓడ, పైన బరువు పెరిగింది. గరిమనాభికి మన సదుద్దేశంతో పని లేదు.

మరి దీనికి మందు లేదా? ఉంది. ఒక గీత. ఇంగ్లండులో సామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే పార్లమెంటు సభ్యుడు, భీమా డబ్బుల కోసం పుచ్చిపోయిన ఓడల్ని అడ్డంగా నింపి పంపే యజమానుల మీద యుద్ధం ప్రకటించాడు. నావికులు వాటిని శవపేటిక ఓడలనేవారు. 1873లో పుస్తకం వేశాడు. 1875లో బిల్లు వాయిదా వేస్తే సభలోనే కేకలేసి సభ్యుల్ని దుర్మార్గులన్నాడు. దాంతో జనం కదిలారు, 1876లో చట్టం వచ్చింది. ఓడ పక్కన ఒక గీత గీయాలి, అది మునిగేంత బరువు ఎక్కించకూడదు. కానీ గీత ఎక్కడ గీయాలో యజమాని ఇష్టానికే వదిలారు! దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు. ఆ లోపం సరిచేసి, ప్రభుత్వమే గీత స్థానం నిర్ణయించేలా చేయడానికి 1890 దాకా పట్టింది. అప్పట్లోనూ సముద్ర దేవుడికి కోపం వస్తుందనేవాళ్ళు ఉండే ఉంటారు. ప్లిమ్‌సోల్ వాళ్ళతో వాదించలేదు, రంగు డబ్బా తెమ్మన్నాడు.

మన దేశంలో లోతట్టు నీళ్ళలో నడిచే ఆవిరి పడవలకి 1917లో చట్టం వచ్చింది. దాని స్థానంలో 2021లో ఇన్లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే, భీమా అన్నీ ఉన్నాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పడవల భద్రత మీద మార్గదర్శకాలు విడుదల చేసింది 2017 సెప్టెంబర్‌లో. బాగ్‌పత్ పడవ మునిగిన నెలలోనే! కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పడవల కోసం తొమ్మిది కంట్రోల్ రూములకి శంకుస్థాపన చేసింది. 2021లో పాపికొండల యాత్ర మళ్ళీ మొదలయింది. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగంలో 1976 నుంచి ఉంది, 51ఎ(హెచ్). ఆ విధి పడవ ఎక్కేవాడికి ఎంతో, లైసెన్సు మీద సంతకం పెట్టేవాడికి అంతకన్నా ఎక్కువ.

2024 జనవరి 18న వడోదరలోని హర్ణీ చెరువుకి బడిపిల్లల్ని విహారానికి తీసుకొచ్చారు. ఆ పడవలో ఎక్కవలసింది 14 మంది. దాదాపు రెట్టింపు ఎక్కించారు. అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. వరద లేదు, సుడిగుండం లేదు, గాలివాన లేదు. చుట్టూ ఊరున్న చిన్న చెరువు.

ఈసారి మీరు హుస్సేన్ సాగర్‌లోనో, భవానీ ద్వీపానికో, పాపికొండలకో పోయినప్పుడు ఎక్కబోయే ముందు ఒక్క నిమిషం పడవ పక్కన నిలబడి చూడండి. పడవ మీద ఎంతమంది అన్న అంకె రాసి ఉందా, నీటిమట్టానికి పైన గీత కనబడుతోందా, లేక మునిగిందా. మేడ మీద ఎంతమంది నిలబడ్డారో లెక్కపెట్టండి. సరంగుని అడగండి. విసుక్కుంటాడు. వెనక క్యూలో ఉన్నవాళ్ళూ విసుక్కుంటారు, "ఏమిటండీ అపశకునం మాటలు" అంటారు. నన్ను చాలాసార్లు అన్నారు. మా ఆవిడ కూడా అంది. అంకె కనబడకపోతే మేం ఎక్కలేదు, ఒడ్డున కూర్చుని మొక్కజొన్న పొత్తులు తిని వచ్చేశాం.